చేప ముల్లు తీసే కత్తిని వంచి చూసి కొనండి

మా అత్తయ్యకు 81 ఏళ్లు. కాకినాడలో పుట్టి పెరిగిన మనిషి. చేప లేని ఆదివారం ఆమెకు ఆదివారం కాదు. నాలుగేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం శీలావతి పులుసు తింటూ ఉండగా గొంతులో ముల్లు గుచ్చుకుంది. కంగారులో అన్నం ముద్దలు మింగించాం, అరటిపండు తినిపించాం. అలా చేయకూడదని, ముల్లు ఇంకా లోతుగా దిగుతుందని తర్వాత డాక్టరు చెబితే తెలిసింది. ఆసుపత్రిలో పది నిమిషాల్లో తీసేశారు. కానీ ఆమె మనసులో దిగిన భయం మాత్రం పోలేదు. ఆ తర్వాత ఆరు నెలలు పళ్లెంలో పులుసు మాత్రమే వేయించుకుని, ముక్కను వేలితో పక్కకు జరిపేవారు. అలా జరిపే ఆ వేలిని చూడలేక నేను చేపను ముల్లు లేకుండా కోయడం నేర్చుకున్నాను.

నేర్చుకోవడంలో సగం కష్టం చేతిది, సగం కత్తిది. ఈ నాలుగేళ్లలో నాలుగు కత్తులు కొన్నాను. మొదటిది 250 రూపాయలు, ఆఖరిది 1,100. వాటిలో ఒకటి పారేశాను, ఒకటి ఉల్లిపాయలకు వాడుతున్నాను, రెండింటితో ఇప్పటికీ చేప కోస్తున్నాను. ఆ రెండింటిలో ఒకటి 480 రూపాయలది. తక్కువ ధరలో మంచి కత్తి దొరుకుతుందని నేను నమ్మకంగా చెప్పేది అందుకే. అయితే దాన్ని చేతితో చూసి ఎంచుకోవాలి.

కత్తి కంటే ముందు చేప సంగతి తేల్చుకోవాలి. మీ ఇంట్లో చేప అంటే పులుసే అయితే, ముల్లు తీయడానికి వాడే ఈ సన్నని ఫిల్లెట్ కత్తి కొనకండి. పులుసు ముక్కలకు కత్తిపీటను మించినది లేదు. పీటను కాలితో అదిమి పట్టి, రెండు చేతులతో చేపను అలుగుకు ఆనించి నెడితే వెన్నుముల్లుతో సహా ముక్క తెగుతుంది. ఆ బరువైన నిలువు అలుగు చేసే పని సన్నని కత్తి చేయలేదు. చేయించబోతే వాదర చిట్లిపోతుంది. మా అత్తయ్య కత్తిపీట ఇప్పటికీ వంటింట్లోనే ఉంది, తలలు కోయాలంటే నేను దాని దగ్గరికే వెళతాను.

ఫిల్లెట్ కత్తి పని వేరు. వెన్నుముల్లును కోయకుండా, దాని మీదుగా జారుతూ, కండను ఒకే పలకలా విడదీయడం దాని పని. ఈ పని అన్ని చేపలతోనూ కుదరదు. శీలావతి, బొచ్చెల్లో వెన్నుముల్లు, పక్కటెముకలే కాకుండా కండ మధ్యలో ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో సన్నటి ముళ్లు వరసగా ఉంటాయి. వెన్నుముల్లు నుంచి కండను ఎంత అందంగా విడదీసినా ఆ ముళ్లు కండలోనే ఉండిపోతాయి. అత్తయ్య గొంతులో దిగింది అలాంటి ముల్లే. గోదావరి జిల్లాల ప్రాణమైన పులసలోనూ సన్నముళ్లు లెక్కలేనన్ని, దాన్ని పులుసుకే వదిలేయాలి. ఎంత ఖరీదైన కత్తి కొన్నా ఈ చేపలు ముల్లు లేనివి కావు. ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే నా మొదటి రెండు నెలల శ్రమ, రెండు మూడు కిలోల శీలావతి మిగిలేవి.

పండుగప్ప, కొరమేను, వంజరం, చందువా, తిలాపియా, చెరువుల్లో పెంచే పంగస్ ఈ పనికి చక్కగా కుదురుతాయి. తెలంగాణ రాష్ట్ర చేపగా గుర్తింపు పొందిన కొరమేనుకు ఉన్న గిరాకీకి ఒక కారణం సన్నముళ్ల బెడద లేకపోవడమే. నాకు మాత్రం పండుగప్పే ఇష్టం. సముద్రంలోనూ దొరుకుతుంది, ఉప్పుటేటి నీళ్లలోనూ పెరుగుతుంది, చెరువుల్లోనూ పెంచుతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట ఆగిపోయినప్పుడు కాకినాడలోని కుంభాభిషేకం చేపల రేవు బోసిపోతుంది. ఆ రోజుల్లో చెరువు పండుగప్పే నాకు దిక్కు. కోత నేర్చుకున్నది కూడా దాని మీదే.

ఇక కత్తి. పొడవు ముందు చూడండి. అంగడిలో 6 నుంచి 9 అంగుళాల అలుగున్నవి కనిపిస్తాయి. మీరు తరచుగా కొనే చేపను బల్ల మీద పడుకోబెట్టి, వీపు నుంచి పొట్ట దాకా ఎంత వెడల్పు ఉందో చూడండి. అలుగు దానికంటే మూడు నాలుగు వేళ్లు ఎక్కువ ఉంటే చాలు. కిలోన్నర పండుగప్ప వెడల్పు నా జానెడు కూడా ఉండదు. 7 అంగుళాల కత్తి దానికి సరిగ్గా సరిపోతుంది. చందువాలు, తిలాపియాలే ఎక్కువ కొనేవారికి 6 అంగుళాలు చాలు. నాలుగైదు కిలోల వంజరం ఇంట్లో కోసేవారికే 8, 9 అంగుళాలు కావాలి. ఒకే ఒక్కటి కొనేటట్టయితే 7 తీసుకోండి. పొడవు ఎక్కువైతే మొన ఎక్కడుందో చేతికి తెలియదు, కొత్తవారికి అది ప్రమాదం.

అలుగు వెడల్పు తక్కువగా ఉండాలి. పిడి దగ్గర రెండున్నర సెంటీమీటర్లు దాటకుండా, మొన వైపు సన్నబడుతూ పోవాలి. వెడల్పాటి అలుగుకు కండ అతుక్కుని కోత చిరుగుతుంది, పక్కటెముకల వంపులో అలుగు తిరగదు. పైనుంచి చూస్తే అలుగు వెన్ను, అంటే పదును లేని అంచు వైపు మందం పిడి దగ్గర 2 మిల్లీమీటర్ల లోపు, మొన దగ్గర అందులో సగం కూడా ఉండకూడదు. మందం మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా ఉంటే అది రేకు నుంచి కత్తిరించి అంచు మాత్రం నూరిన కత్తి. అలాంటిది ధర ఎంత తక్కువైనా వద్దు.

ఇప్పుడు అసలు పరీక్ష. మా ఊరి మెయిన్ రోడ్డులో ఒక పాత్రల దుకాణానికి రెండో కత్తి కోసం వెళ్లినప్పుడు నేను దాన్ని చెక్క బల్ల మీద మొన ఆనించి మెల్లగా అదిమాను. కుర్రాడు గాబరాపడి, ‘అమ్మా, వంచకండి, విరిగిపోతుంది’ అన్నాడు. ‘విరిగే కత్తి అయితే ఇక్కడే తెలియడం మంచిది బాబూ’ అన్నాను. వాళ్ల నాన్నగారు లోపలి నుంచి వచ్చి, ‘చూసుకోనివ్వరా’ అని తనే ఇంకో మూడు తీసి నా ముందు పెట్టారు. నాలుగింటిలో ఒకటి అసలు వంగలేదు. ఒకటి వంగి అలాగే ఉండిపోయింది, తిరిగి నిటారు కాలేదు. ఒకటి పిడి మొదట్లోనే వంగింది, అంటే ఏదో ఒకరోజు అక్కడే విరుగుతుంది. నాలుగోది ముందు సగంలో విల్లులా వంగి, చేయి వదలగానే కంపిస్తూ నిటారుగా నిలబడింది. ఆ 480 రూపాయల కత్తి అదే.

మీరూ అలాగే చూడండి. బలంగా కాదు, మొన ఒక అంగుళం మేర పక్కకు వెళ్లేంత అదిమితే చాలు. మొన మీ వైపు, పక్కవారి వైపు లేకుండా చూసుకోండి. వదిలాక కత్తిని కంటికి ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, పిడి నుంచి మొన దాకా వాదర వెంట చూపు నడపండి. గీత గీసినట్టు ఉండాలి. వంగుడు మరీ ఎక్కువైనా ఇబ్బందే. చందువా లాంటి బల్లపరుపు చేపకు మెత్తగా వంగే కత్తి హాయిగా ఉంటుంది. వంజరం లాంటి గుండ్రటి, గట్టి కండ చేపలో అదే కత్తి దారి తప్పుతుంది. ఇంట్లో రకరకాల చేపలు కోసేవారికి మధ్యస్థంగా వంగేదే మేలు.

ఉక్కు సంగతి కొంచెం తెలుసుకుంటే డబ్బు ఆదా అవుతుంది. ఫ్రిజ్ మీద అతికించే అయస్కాంతం ఒకటి సంచిలో వేసుకుని వెళ్లండి. గిన్నెలు, గరిటెలు చేసే మామూలు స్టెయిన్‌లెస్ రేకు అయస్కాంతానికి గట్టిగా అంటదు, దాన్ని కాల్చి గట్టిపరచడం కుదరదు. కత్తి కోసం తయారైన స్టెయిన్‌లెస్ ఉక్కు అయస్కాంతానికి గట్టిగా అంటుకుంటుంది. అంటుకున్నదల్లా మంచి కత్తి అని కాదు, అంటుకోనిదాన్ని మాత్రం నిశ్చింతగా పక్కన పెట్టేయవచ్చు. నేను పారేసిన 250 రూపాయల కత్తి ఇదే లోపంతో వచ్చింది. ఇంటికి తెచ్చిన రోజు కాగితాన్ని జరజరా కోసింది, ఒక్క చేప కోయగానే మొద్దుబారింది. ఎంత నూరినా మళ్లీ అదే తీరు.

డబ్బా మీద ఉక్కు రకం రాసి ఉంటే చదవండి. 420 అనో 440 అనో, లేదా జర్మన్ పద్ధతిలో ఎక్స్50 సీఆర్‌ఎంఓవీ15 అనో ఉంటుంది. చివరిదానిలో కార్బన్ సుమారు అర శాతం, క్రోమియం సుమారు 15 శాతం. క్రోమియం తుప్పును ఆపుతుంది, కార్బన్ గట్టిదనాన్ని ఇస్తుంది. గట్టిదనాన్ని రాక్‌వెల్ సి అనే కొలతలో చెబుతారు. 54 నుంచి 58 మధ్య ఉంటే ఈ పనికి సరిపోతుంది. 60 దాటిన కత్తులు గొప్పగా ప్రచారం చేసుకుంటాయి, కానీ అంత గట్టి, పలుచటి అంచు ముల్లుకు తగిలితే చిట్లుతుంది. కాస్త మెత్తనిది ఇంట్లోనే మూడు నిమిషాల్లో పదును తేలుతుంది. అందుకే చవక కత్తి అని చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. ఫిల్లెట్ కత్తికి కావలసింది అతి ఖరీదైన ఉక్కు కాదు.

మన కమ్మరి కొలిమిలో చేసిన కత్తి పనికిరాదా అని మా చెల్లెలు అడిగింది. లారీ కమాను పట్టీల నుంచి చేసే కత్తులకు అద్భుతమైన పదును వస్తుంది, కత్తిపీట అలుగుకు నేను ఇప్పటికీ అదే చేయిస్తాను. కానీ ఇంత పలుచగా, వంగి నిలబడేలా తీయడం ఆ పనిముట్లతో కష్టం. పైగా అది తుప్పు పట్టే ఉక్కు. ఉప్పు నీటి చేపలు కోసి ఒక గంట మరచిపోతే ఎర్రబడుతుంది.

పేరున్న కత్తులు కూడా చూశాను. మా పెద్దవాడు హ్యూస్టన్ నుంచి వచ్చినప్పుడు తెల్ల ప్లాస్టిక్ పిడి ఉన్న డెక్స్టర్ కత్తి తెచ్చాడు. అమెరికాలో చేపల పని చేసేవారు చాలాకాలంగా వాడే కత్తి అది. చూడటానికి సాదాసీదాగా ఉంటుంది, పనితనం మాత్రం గట్టిది. అక్కడి తెలుగువారు ఎవరైనా మొదటి కత్తి కొనాలనుకుంటే ఆడంబరం లేని ఆ తెల్ల పిడి కత్తి చూడమనే చెబుతాను. వస్తూ తెచ్చేవారు చేతి సంచిలో కాకుండా చెక్‌ఇన్ పెట్టెలోనే, మొనకు తొడుగు వేసి పెట్టాలి. 1884 నుంచి ఉన్న స్విట్జర్లాండ్ కంపెనీ విక్టోరినాక్స్ కత్తులు మన దగ్గరా దొరుకుతాయి. ఫిన్లాండ్‌లోని రోవానియెమిలో మార్తీనీ సంస్థ చేసే బర్చ్ అనే చెట్టు చెక్క పిడి కత్తులు చేపల వేటగాళ్లకు ప్రాణం. ఇవి బాగున్నాయి కాబట్టే వీటి పేర్లు, రూపాలు కాపీ కొట్టి అమ్మేవి కూడా ఎక్కువ. అసలు ధరలో మూడో వంతుకు దొరికితే అది అసలుది కాదనే అనుకోండి.

పిడి గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. చేప కోసేటప్పుడు చేయి తడిగా, జిగటగా ఉంటుంది. నున్నగా మెరిసే పిడి, పాలిష్ చేసిన చెక్క పిడి, మొత్తం స్టీలు పిడి చూడటానికి బాగుంటాయి, పట్టు మాత్రం ఇవ్వవు. నేను కొన్న మూడో కత్తికి స్టీలు పిడి. దానితో కొరమేను కోస్తుంటే చేయి పిడి మీద నుంచి వాదర మీదికి జారి, చూపుడు వేలికి నాలుగు కుట్లు పడ్డాయి. ఉల్లిపాయల పాలైన కత్తి అదే. గరుకుగా ఉండే ప్లాస్టిక్ లేదా రబ్బరు పిడి తీసుకోండి. అలుగు మొదలయ్యే చోట వేలిని ఆపే ఉబ్బెత్తు భాగం తప్పకుండా ఉండాలి. దుకాణంలో చేతులు తడుపుకుని, వీలైతే రెండు చుక్కల సబ్బు నీళ్లు రాసుకుని పట్టుకుని చూడండి. వాళ్లు వింతగా చూస్తారు, ఫరవాలేదు. పిడికీ అలుగుకీ మధ్య సందు ఉంటే ఆ కత్తి వద్దు. ఆ సందులో చేప నెత్తురు చేరి కుళ్లుతుంది, ఎంత కడిగినా వాసన వదలదు.

ఆన్‌లైన్‌లో కొనేవారికి ఈ పరీక్షలు కుదరవు. అప్పుడు అలుగు పొడవు విడిగా ఇచ్చారా, పిడితో కలిపి ఇచ్చారా చూడండి. 12 అంగుళాల కత్తి అని రాసి, అలుగు 7 ఉన్నది నాకు తెలుసు. ఉక్కు రకం రాయనివి, ఏడెనిమిది కత్తులు కలిపి ఒక సెట్టుగా ఇచ్చేవి వదిలేయండి. వాపసు తీసుకుంటారో లేదో చూసి, వచ్చిన రోజే వంచి, అయస్కాంతం పెట్టి, వెలుగులో చూడండి. దీపం కింద వాదర పైకి తిప్పి పట్టుకుంటే అంచు మీద తెల్లటి చుక్కలు మెరవకూడదు. మెరుస్తున్న చోట అంచు మొద్దుగా ఉందని అర్థం. నిజమైన పదును వెలుగును వెనక్కి పంపదు.

మీ దగ్గర 800 రూపాయలు ఉంటే 800 రూపాయల కత్తి కొనకండి. 500 కత్తికి, మిగతాది సానరాయికి పెట్టండి. రెండు వైపులా వేర్వేరు గరుకుదనం ఉన్న రాయి హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. నేను 180 రూపాయలకు కొన్నది నాలుగేళ్లుగా పనిచేస్తోంది. సైకిలు చక్రం తిప్పుతూ వీధిలో సాన పట్టేవారికి ఈ కత్తి ఇవ్వవద్దు. వాళ్ల చేతిపని మీద నాకు గౌరవం ఉంది, మా కత్తిపీట అలుగు వాళ్ల దగ్గరే పదునెక్కుతుంది. కానీ పొడి చక్రం మీద ఇంత పలుచటి అంచు క్షణాల్లో వేడెక్కుతుంది. అంచు నీలి రంగుకు తిరిగిందంటే అక్కడ ఉక్కు మెత్తబడిపోయినట్టే.

రాయిని తడిపి, కింద తడి గుడ్డ పరచి పెట్టుకోండి. వాదర రాయిని తాకుతూ, కత్తి వెన్ను రాయి నుంచి ఒక పెన్సిలు మందం ఎత్తులో ఉండాలి. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు అలుగుకు ఆ ఎత్తు సుమారు 16 డిగ్రీల కోణం ఇస్తుంది, ఈ పనికి అది చక్కటి కోణం. అలుగు సన్నబడే కొద్దీ ఎత్తు కూడా తగ్గించాలి; మొన దగ్గర అర పెన్సిలు చాలు. ఎడమ చేతి రెండు వేళ్లతో అలుగును అదిమి పట్టండి, లేకపోతే అది వంగి కోణం మారిపోతుంది. ఒక వైపు నూరుతూ ఉంటే కాసేపటికి అవతలి వైపు అంచు మీద వెంట్రుక లాంటి గరుకు గోటికి తగులుతుంది. అది పిడి నుంచి మొన దాకా తగిలాక రెండో వైపు తిప్పండి. తర్వాత రాయి నునుపు వైపు తిప్పి తేలికగా అటూ ఇటూ పది పదిసార్లు లాగితే ఆ గరుకు రాలిపోతుంది. వార్తాపత్రిక కాగితాన్ని గాలిలో పట్టుకుని కోసి చూడండి. చిరగకుండా, చప్పుడు లేకుండా తెగితే చేప కోయవచ్చు.

కొత్త కత్తితో మొదటి కోత ఇలా మొదలుపెట్టండి. కిలోన్నర లోపు పండుగప్ప. తోలు తీసేటట్టయితే పొలుసు గీకనక్కరలేదు, పొలుసుతో తోలు బిగువుగా ఉండి పని సులువవుతుంది. చేపను గుడ్డతో తడి లేకుండా తుడిచి, కోత పలక కింద తడి గుడ్డ వేయండి. పండుగప్ప మొప్పల మూత అంచు బ్లేడులా కోస్తుంది, వీపు రెక్క ముళ్లు గుచ్చుకుంటాయి. ఎడమ చేతికి కోతను తట్టుకునే అల్లిక తొడుగు వేసుకోండి. నా వేలి కుట్ల తర్వాత అది లేకుండా నేను చేప ముట్టలేదు.

మొప్పల వెనుక, పక్క రెక్క వెనుక నుంచి ఏటవాలుగా కోస్తే కత్తి వెన్నుముల్లును తాకి ఆగుతుంది. అక్కడ ఆపాలి, ముల్లు కోయకూడదు. ఇప్పుడు వీపు రెక్క పక్కనే తల నుంచి తోక దాకా మొనతో ఒక అంగుళం లోతు గీత పెట్టండి. ఎడమ చేతితో ఆ గీత అంచును పైకి ఎత్తి, అలుగును ముళ్ల మీదికి వాల్చి, పొడవాటి లాగుడుతో నెమ్మదిగా లోపలికి వెళ్లండి. రంపంలా ముందుకూ వెనక్కూ కోస్తే కండ చిందరవందర అవుతుంది. ఇక్కడే వంగే అలుగు విలువ తెలుస్తుంది. అలుగు వంగి ముళ్ల వరస మీద జారుతుంటే దువ్వెన పళ్ల మీద గోరు లాగినట్టు టిక్ టిక్ టిక్ అని సన్నటి చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వస్తున్నంతసేపు సరిగ్గా వెళుతున్నారు. చప్పుడు ఆగితే కత్తి కండలోకి పైకి పోయినట్టు. వెనక్కి వచ్చి మళ్లీ ముల్లును వెతుక్కోండి. కళ్ల కంటే చెవి బాగా చెబుతుంది.

వెన్నుముల్లు గట్టును దాటాక పక్కటెముకలు వస్తాయి. మొనను వాటి మీదుగా వంపు తిప్పుతూ పొట్ట దాకా తీసుకెళితే పలక విడివడుతుంది. రెండో వైపూ ఇంతే. తర్వాత పలక మధ్య గీత మీద వేలి కొన నడిపిస్తే తల వైపు సగంలో గట్టిగా గుచ్చుకునే ముళ్ల వరస తెలుస్తుంది. దానికి ఇటూ అటూ రెండు ఏటవాలు కోతలు పెట్టి, ఆ సన్నటి పట్టీని మొత్తం తీసేస్తాను. పట్టకారుతో ఒక్కొక్కటీ లాగవచ్చు, కానీ అత్తయ్య విషయంలో ఒక్కటి మిగిలినా నాకు నిద్ర పట్టదు.

తోలు తీయడానికి తోక చివర కాస్త కండ విడదీసి, వేళ్లకు ఉప్పు అద్దుకుని ఆ తోలు కొసను పట్టుకోండి. అలుగును కోత పలకకు దాదాపు సమాంతరంగా వాల్చి స్థిరంగా ఉంచి, తోలును మీ వైపు అటూ ఇటూ ఊపుతూ లాగండి. కత్తి కదలదు, తోలు కదులుతుంది. మొదటిసారి నాకు తోలు మూడు చోట్ల తెగింది, కండలో పావు వంతు దానికే అంటుకుపోయింది. ఐదో చేపకు చేయి కుదిరింది. ఇప్పుడు కిలోన్నర చేపకు 600 గ్రాముల పైచిలుకు ముల్లు లేని కండ వస్తోంది. అంతకంటే ఎక్కువ ఆశించకండి, మిగతాదంతా తల, ముల్లు, తోలు, పొట్ట.

కోత అయిన వెంటనే కత్తిని మంచినీళ్లు, సబ్బుతో కడిగి, పొడి గుడ్డతో వెన్ను వైపు నుంచి తుడవండి. స్టెయిన్‌లెస్ అయినా సముద్రపు ఉప్పు అంటితే చిన్న చిన్న గుంటలు పడుతుంది. తోలు ఒర వస్తే దాన్ని గోడకు తగిలించండి, కత్తిని మాత్రం అందులో దాచకండి, చెమ్మ పట్టేస్తుంది. నేను అలుగుకు కొబ్బరినూనె ఒక చుక్క రాసి, అట్టముక్క మడిచి తొడుగులా చేసి, అల్మారా పై అరలో పెడతాను.

ఆ మొదటి చేపను వేలెడంత ముక్కలుగా కోసి, మిరియాలు, పసుపు, కాస్త నిమ్మరసం పట్టించి పెనం మీద వేయించాను. అత్తయ్య మొదటి ముక్కను నలిపి, పీచుపీచుగా విడదీసి, వేళ్ల మధ్య రుద్ది చూసుకున్నారు. రెండో ముక్కనూ అలాగే చూశారు. మూడో ముక్క చూడకుండా తిన్నారు. ఇప్పుడు ఆదివారం పొద్దున్నే ‘అమ్మాయీ, కత్తి నూరావా?’ అని ఆవిడే అడుగుతారు.

తల, వెన్నుముల్లు పారేయకండి. వెన్నుముల్లుకు అంటుకుని మిగిలే కండలోనే రుచంతా ఉంటుంది. వాటిని చింతపండు పులుసులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, మెంతిపొడి వేసి మరిగించి, అత్తయ్యకు సన్నటి జల్లెడలో రెండుసార్లు వడగట్టి పోస్తాను. తల మా ఆయన పళ్లెంలోకి వెళుతుంది.